ఆట వాళ్లది, మాట ఎవరిది?

వీడియో గేమ్ ఆడుతూ దాన్ని రికార్డు చేసి, తన మాటలు కలిపి యూట్యూబులో పెట్టి, ప్రకటనల మీద వచ్చే డబ్బు తీసుకోవచ్చా? గేమ్ తయారుచేసిన కంపెనీ వద్దంటే ఆ డబ్బు ఎవరికి చెందాలి? పదేళ్లకు పైగా నలుగుతున్న ఈ తగాదాలో రెండు వైపులా గట్టి వాదనలున్నాయి. వాటిని ఇద్దరి నోట పలికిస్తున్నాను. ఒకరు గేమ్ స్టూడియోల తరఫున మాట్లాడే పెద్ద లాయరు. ఇంకొకరు తెలుగులో గేమ్ వీడియోలు చేసే ఒక ఛానల్‌లో ఎడిటర్‌గా పనిచేసే యువతి. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్లు చెప్పే కేసులు, తేదీలు, మొత్తాలు మాత్రం వాస్తవాలు. నేను ఎడిటర్ పక్షమని ముందే చెబుతున్నాను. అయినా లాయరు చేత పేలవంగా వాదింపజేసి గెలిచానంటే అది గెలుపు కాదు. ఆయన వాదన నెగ్గే చోట నెగ్గనిచ్చాను.

లాయరు: అమ్మా, పునాది దగ్గర్నుంచి మొదలుపెడదాం. నువ్వు ఆడుతున్నప్పుడు తెర మీద కదిలే బొమ్మ ఎవరిది? ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. 1982లో న్యూయార్కులోని అప్పీళ్ల కోర్టుకు ‘స్క్రాంబుల్’ అనే ఆర్కేడ్ గేమ్ వ్యవహారం వచ్చింది. దానికి నకలు చేసి అమ్ముకున్న కంపెనీ, ఆడేవాణ్ణి బట్టి ప్రతిసారీ ఆట మారిపోతుంది కాబట్టి ఇందులో స్థిరమైన కృతి అంటూ ఏదీ లేదని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఎవరు ఎలా ఆడినా మళ్లీ మళ్లీ వచ్చే దృశ్యాలు, శబ్దాలు, వాటి వరుస తయారీదారుడివేనని చెప్పింది. మరుసటి ఏడాది మిడ్‌వే కంపెనీ కేసులో షికాగో అప్పీళ్ల కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. గేమ్ ఆడటం నవల రాయడం లాంటిది కాదు, టీవీలో ఛానళ్లు మార్చడానికి దగ్గరి పని అంది. అంటే ఆడినంత మాత్రాన నువ్వు రచయితవు కావు. ఇంకొకరి కృతిని జనానికి చూపించాలన్నా, దాని నుంచి కొత్త కృతి తయారు చేయాలన్నా అనుమతి కావాలి. అనుమతి లేకుండా బయటపడాలంటే నీకున్న దారి అమెరికా కాపీరైట్ చట్టం 107వ సెక్షన్‌లోని ఫెయిర్ యూజ్ ఒక్కటే. అందులో చూడాల్సిన నాలుగు అంశాలు రాశారు: వాడకం ఉద్దేశం, మూలకృతి స్వభావం, తీసుకున్న భాగం, మూలకృతి మార్కెట్ మీద పడే ప్రభావం. మొదటి అంశంలోనే ఆ వాడకం వ్యాపారం కోసమా కాదా అని అడుగుతుంది చట్టం. యూట్యూబులో వీడియో పక్కన వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానల్‌కు వస్తుంది. ఇది వ్యాపారం కాకపోతే మరేమిటి?

ఎడిటర్: వ్యాపారమే సార్, కాదనను. బొమ్మ స్టూడియోదేనన్న మాటా ఒప్పుకుంటాను. ఆట ఆడినందుకు నాకేదో హక్కు పుట్టిందని నేను అనడం లేదు. ఆట మీద నేను చెప్పిన మాట మీద నాకు హక్కుంది, ఆ మాట అర్థం కావాలంటే బొమ్మ చూపించక తప్పదు అంటున్నాను. ఇక డబ్బు సంగతి. 1984లో సోనీ వీడియో రికార్డర్ల కేసులో అమెరికా సుప్రీంకోర్టు, వ్యాపార వాడకం ఏదైనా మొదట అన్యాయమనే భావించాలన్నట్టు ఒక మాట రాసింది. పదేళ్లు కింది కోర్టులు దాన్నే పట్టుకుని నడిచాయి. 1994లో అదే సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దింది. టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం ఒక పాత పాటకు పేరడీ కట్టి అమ్ముకుంది. వార్తలు, విమర్శ, వ్యాఖ్యానం, బోధన అంటూ చట్టం పేరుపెట్టి చెప్పిన పనులన్నీ ఈ దేశంలో ఎక్కువగా లాభం కోసమే జరుగుతున్నాయి, డబ్బు వచ్చిందన్న ఒక్క కారణంతో ఫెయిర్ యూజ్ పోదు అని కోర్టు తేల్చింది. మన దగ్గరే చూడండి. శుక్రవారం విడుదలైన సినిమాకు శనివారం పేపర్లో సమీక్ష వస్తుంది. పేపరు వెల పెట్టి అమ్ముతారు, సమీక్ష పక్కన ప్రకటనలుంటాయి. అందుకని సమీక్షకుడు నిర్మాత దగ్గరకు వెళ్లి అనుమతి పత్రం తెచ్చుకోవాలని ఎవరూ అనరు.

గేమ్‌ల విషయంలో మాత్రం సరిగ్గా అదే అన్నారు. 2013 అక్టోబర్‌లో ‘డే వన్: గ్యారీస్ ఇన్సిడెంట్’ అనే గేమ్‌ను టోటల్‌బిస్కట్ అనే పేరున్న సమీక్షకుడు చీల్చి చెండాడాడు. ఆ సమీక్ష కోసం గేమ్ కీ ఇచ్చింది ఆ స్టూడియోనే. సమీక్ష నచ్చకపోయేసరికి కాపీరైట్ ఫిర్యాదు పెట్టి వీడియో తీయించేసింది. కారణం ఏం చెప్పారో గమనించండి. విమర్శ తప్పని అనలేదు, మా గేమ్ మీద ప్రకటనల డబ్బు సంపాదించే హక్కు అతనికి లేదన్నారు.  గొడవ పెద్దదయ్యాక ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. డబ్బు వచ్చిందా లేదా అన్నదే కొలబద్ద అయితే, దాన్ని నచ్చని నోటి మీదే వాడతారని ఆ ఒక్క వ్యవహారం చూస్తే తెలుస్తుంది.

లాయరు: ఒక చిన్న కంపెనీ చేసిన తెలివితక్కువ పనిని పట్టుకుని మొత్తం పరిశ్రమను నిలదీస్తున్నావు. సమీక్షకు నేనూ అడ్డు చెప్పను. కానీ గేమింగ్ వీడియోల్లో సమీక్షలెన్ని? మొదటి తెర నుంచి చివరి తెర దాకా గంటల తరబడి ఆడి పెట్టే లెట్స్ ప్లే వీడియోలే ఎక్కువ. మధ్యలో అరుపులు, నవ్వులు తప్ప అందులో వ్యాఖ్యానం ఎంతుంటుంది? నీకు ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’ సంగతి తెలిసే ఉంటుంది. రయాన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్ ఏడాది వయసులో క్యాన్సర్ బారిన పడి, అయిదేళ్ల వయసులో 2014లో చనిపోయాడు. ఆ పిల్లాడితో గడిపిన రోజులే గేమ్. రెండు గంటల్లో అయిపోతుంది. గెలవడం, ఓడటం లేవు. చూడటం, వినడం, మధ్యమధ్య ఏదో ఒకటి తాకడం, అంతే. 2016 జనవరిలో విడుదలైంది. లక్షల మంది చూశారు, కానీ యూట్యూబులో. మార్చిలో రయాన్ గ్రీన్ తన బాధ రాసుకున్నాడు. మొత్తం గేమ్‌ను పెద్దగా మాట్లాడకుండా అలాగే చూపించిన వీడియోలకు లక్షల వీక్షణలు వచ్చాయి, అమ్మకాల నుంచి తమ చేతికి మాత్రం ఇంకా ఒక్క డాలరూ అందలేదన్నాడు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇక్కడ వర్తిస్తుంది. మాజీ అధ్యక్షుడు ఫోర్డ్ ఆత్మకథ అచ్చుకాకముందే నేషన్ పత్రిక అందులోంచి ఓ 300 మాటలు ఎత్తి వేసుకుంది. పుస్తకం మొత్తంలో అది చిటికెడు. అయినా ఫెయిర్ యూజ్ కాదంది కోర్టు, తీసుకున్నది పుస్తకానికి గుండెకాయ లాంటి భాగం కాబట్టి. కథే ప్రాణమైన గేమ్‌లో ముగింపు చూపించేశాక ఇంకేం మిగులుతుంది?

ఎడిటర్: ఆ గేమ్ విషయంలో మీతో వాదించను సార్. గ్రీన్ దంపతులకు జరిగింది అన్యాయమే. కానీ ఆ అన్యాయం ఎక్కడుందో సరిగ్గా పట్టుకుందాం. ఆ వీడియోలు పెట్టినవాళ్లు ప్రకటనలు పూర్తిగా తీసేసి, ఒక్క పైసా తీసుకోకుండా ఊరికే పెట్టి ఉంటే గ్రీన్ దంపతులకు నష్టం తగ్గేదా? తగ్గేది కాదు. గేమ్ కొనాల్సిన మనిషి వీడియో చూసి తృప్తి పడిపోయాడు, అదీ నష్టం. వీడియో పెట్టినతను సంపాదించాడా, పోగొట్టుకున్నాడా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఇటువైపు చూడండి. ‘అమాంగ్ అస్’ 2018లో వచ్చింది. ముగ్గురు నలుగురు కలిసి చేసిన గేమ్. రెండేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2020లో స్ట్రీమర్లు గుంపులుగా ఆడుతూ ప్రసారం చేయడంతో ప్రపంచమంతా దాన్నే ఆడింది. ఆ స్ట్రీమర్లందరూ డబ్బు చేసుకున్నవాళ్లే. ఎందుకిలా? తోటివాళ్లలో మోసగాడెవరో పట్టుకునే ఆట అది, ఎదుటివాళ్లు ఆడుతుంటే చూసినకొద్దీ మనమూ ఆడాలనిపిస్తుంది. చూడటం ఆడటానికి బదులు కాలేదు. రెండు చోట్లా డబ్బుంది. ఒకచోట హాని, ఒకచోట మేలు. కాబట్టి అడగాల్సింది వీడియోకు డబ్బు వచ్చిందా అని కాదు, ఆ వీడియో గేమ్‌కు బదులుగా నిలబడిందా అని. నేను మొదటి నుంచీ చెప్పదలచుకున్నది ఇదే.

కోర్టులూ ఇలాగే చూశాయి. 2000లో సోనీకి, బ్లీమ్ అనే చిన్న కంపెనీకి మధ్య కేసు నడిచింది. ప్లేస్టేషన్ గేమ్‌లను కంప్యూటర్లో ఆడించే సాఫ్ట్‌వేర్ బ్లీమ్‌ది. రెండింట్లో బొమ్మ ఎలా కనిపిస్తుందో పోల్చి చూపించడానికి ప్లేస్టేషన్ గేమ్‌ల తెరచిత్రాలను తన ప్రకటనల్లోనే వేసుకుంది. ప్రకటన కన్నా పచ్చి వ్యాపారం ఏముంటుంది? అయినా కాలిఫోర్నియా అప్పీళ్ల కోర్టు ఆ వాడకం ఫెయిర్ యూజేనంది. తెరచిత్రం గేమ్‌లో అతి చిన్న భాగం, అది చూసి గేమ్ కొనడం మానేసేవాళ్లు ఉండరు అన్నదే దాని లెక్క. 2017లో న్యూయార్కు కోర్టులో హొస్సేన్‌జాదే, క్లైన్ కేసు తేలింది. అది గేమ్ కాదు, ఒకాయన తీసిన చిన్న హాస్య వీడియో. అయిదున్నర నిమిషాలకు కాస్త తక్కువ. అందులో మూడుంపావు నిమిషాలు తీసుకుని, ఆపి ఆపి ఎగతాళి చేస్తూ క్లైన్ దంపతులు సుమారు 14 నిమిషాల వీడియో చేశారు. సగానికి పైగా తీసుకున్నారు, డబ్బూ వచ్చింది. అయినా గెలిచారు. మూల వీడియో చూసిన అనుభవం, దీన్ని చూసిన అనుభవం వేరు, ఇది దానికి బదులు కాదు అన్నారు న్యాయమూర్తి. ఆ తీర్పులోనే ఒక హెచ్చరికా ఉంది. ముక్క ముక్కకూ వ్యాఖ్యానం చేసే వీడియోలున్నట్టే, వ్యాఖ్యానం ఏమీ లేకుండా నలుగురూ కూర్చుని కలిసి చూసినట్టుండే వీడియోలూ ఉన్నాయి, అన్నింటికీ ఇదే తీర్పు వర్తిస్తుందని అనుకోవద్దు అని. నేనూ అంతకు మించి అడగడం లేదు.

లాయరు: తీర్పులు బాగానే ఏరుకున్నావు. తర్వాత వచ్చిన పెద్ద తీర్పును వదిలేశావు. 2023 మేలో సుప్రీంకోర్టు ఆండీ వార్హోల్ ఫౌండేషన్ కేసు తేల్చింది. గాయకుడు ప్రిన్స్ ఫొటో ఒకటి లిన్ గోల్డ్‌స్మిత్ తీసింది. దాని ఆధారంగా చిత్రకారుడు వార్హోల్ రంగుల చిత్రాలు వేశాడు. 2016లో అందులో ఒకటి పత్రిక ముఖచిత్రానికి ఇచ్చి ఫౌండేషన్ 10,000 డాలర్లు తీసుకుంది, ఆమెకు పైసా రాలేదు. వార్హోల్ అంతటివాడు కొత్త అర్థం కల్పించాడని వాదించినా, 7-2 మెజారిటీతో కోర్టు ఆమె వైపే నిలిచింది. రెండింటి ప్రయోజనం ఒకటే అయినప్పుడు, అదీ వ్యాపార వాడకమైనప్పుడు, కొత్తదనం ఒక్కటే కాపాడదంది. గేమ్ వినోదం కోసం, నీ వీడియో కూడా వినోదం కోసమే. పైగా అనుమతి దొరకనిదేమీ కాదు. మైక్రోసాఫ్ట్ 2007 నుంచే నియమాలు రాసిపెట్టింది. వాల్వ్, మోజాంగ్, రయట్ అనే గేమ్ కంపెనీలు ఎవరి నియమాలు వాళ్లు పెట్టుకుని ప్రకటనల డబ్బు తీసుకోనిస్తున్నారు. నింటెండో కూడా 2018 నవంబర్ నుంచి, సొంత సృజన ఏదైనా జోడిస్తే చాలు, అభ్యంతరం లేదంది. అడక్కుండానే ఇంత ఇస్తుంటే హక్కు కోసం కొట్లాట దేనికి?

ఎడిటర్: వార్హోల్ తీర్పును నేను వదిలేయలేదు సార్, అది నాకూ పనికొస్తుంది. ఆ తీర్పు పేరడీ కేసును కొట్టేయలేదు, వివరించింది. ఎవరి కృతిని తీసుకున్నావో ఆ కృతి మీదే నీ మాట ఉంటే, దాన్ని తీసుకోవడానికి నీకు కారణముంది. దాన్ని ఊరికే ముడిసరుకుగా వాడుకుంటే కారణం బలహీనపడుతుంది. ఈ గీత గేమింగ్ వీడియోలకు అతికినట్టు సరిపోతుంది. ఒక గేమ్‌లో బాస్ ఫైట్ ఎందుకంత కష్టంగా పెట్టారో, కెమెరా ఎక్కడ మోసం చేస్తోందో, డబ్బు గుంజడానికి లూట్ బాక్సులు ఏ వరుసలో పెట్టారో చూపించి చెప్పే వీడియో ఆ గేమ్ గురించే మాట్లాడుతుంది. అదే, ఎవరిదో పాడ్‌కాస్ట్ ముక్క పైన పెట్టి, చూసేవాడి కళ్లు జారిపోకుండా కింద ‘సబ్‌వే సర్ఫర్స్’ పరుగు తిప్పే షార్ట్‌లు చూస్తూనే ఉన్నాం. అక్కడ గేమ్ గురించి ఒక్క ముక్క లేదు. వాటికి ఫెయిర్ యూజ్ అడగడానికి నాకు నోరు రాదు, అనుమతి తెచ్చుకోవాల్సిందే.

ఇక మీరు చెప్పిన అనుమతులు. అవి వచ్చిన చరిత్ర చూడండి. 2013 మేలో నింటెండో తన గేమ్ వీడియోల మీద, కాపీలను పట్టే యూట్యూబు యంత్రాంగమైన కాంటెంట్ ఐడీ ద్వారా క్లెయిములు వేసి ప్రకటనల డబ్బు తనవైపు తిప్పుకుంది. 2015 జనవరిలో ఒక పథకం తెచ్చింది: వీడియో నమోదు చేసుకుంటే 60 శాతం, నింటెండో గేమ్‌లే ఉండే ఛానల్ మొత్తాన్ని నమోదు చేసుకుంటే 70 శాతం ఇస్తామంది. 2018 చివర దాన్నీ మూసేసి కొత్త నియమాలు పెట్టింది. అయిదేళ్లలో ఒకే కంపెనీ, ఒకే రకం వీడియో, మూడు వేర్వేరు నిర్ణయాలు. ఇప్పటిది మంచిదే, రేపు మార్చితే అడిగే నాథుడు లేడు. 2017 ఏప్రిల్‌లో అట్లస్ కంపెనీ ‘పర్సోనా 5’ విడుదల చేస్తూ, గేమ్ లోపలి క్యాలెండర్లో జులై 7 దాటి చూపిస్తే క్లెయిములో స్ట్రైకులో తప్పవని హెచ్చరించింది. ఆటగాళ్లు మండిపడ్డాక అదే నెలలో ఆ గీతను నవంబర్ 19కి జరిపింది. కథ బయటపడకూడదన్న వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఎక్కడిదాకా మాట్లాడవచ్చో గీత గీసి, మళ్లీ తానే చెరిపే అధికారం ఒక్క పక్షం చేతిలో ఉంటే దాన్ని హక్కు అనలేం. అసలు విమర్శకు అనుమతి అనే మార్కెట్టే ఉండదని 1994 పేరడీ తీర్పే చెప్పింది. తన పనిని ఎద్దేవా చేయడానికి లైసెన్స్ అమ్మే రచయిత ఎక్కడుంటాడు? లేని మార్కెట్‌కు నష్టం జరిగిందని లెక్క కట్టలేం కదా.

వీళ్లిద్దరి మాటల మధ్యలోకి నేను ఒకసారి రావాలి. అనుమతికి, హక్కుకు తేడా ఎక్కడ బయటపడుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది, అది ఎడిటర్ వైపు తేలిగ్గా మొగ్గదు. 2017 సెప్టెంబర్‌లో ‘ప్యూడీపై’ అనే పేరున్న యూట్యూబర్ ఒక లైవ్ స్ట్రీమ్‌లో నల్లజాతివారిని దూషించే మాట వాడాడు. ‘ఫైర్‌వాచ్’ గేమ్ తీసిన కాంపో శాంటో స్టూడియో సహ వ్యవస్థాపకుడు షాన్ వానమన్ మండిపడి, అతను గతంలో చేసిన ఫైర్‌వాచ్ వీడియో మీద కాపీరైట్ ఫిర్యాదు పెట్టించాడు. వీడియో పోయింది. ఆ మాట నీచమైనది. అలాంటివాడి పక్కన తన గేమ్ పేరు ఉండకూడదని కోరుకోవడంలో తప్పు లేదు. కానీ దూషణ ఫైర్‌వాచ్ వీడియోలో లేదు, వేరే స్ట్రీమ్‌లో ఉంది. స్టూడియో అంతవరకు స్ట్రీమర్లందరినీ తన గేమ్ ప్రసారం చేసుకోనిచ్చింది. ఒక మనిషి మాట నచ్చక అతనికి మాత్రం ఆ అనుమతి తీసేసింది. ఈసారి దెబ్బతిన్నవాడు నిజంగా తప్పు చేసినవాడే కాబట్టి చాలామంది సంతోషించారు. గ్యారీస్ ఇన్సిడెంట్ విషయంలో అదే ఆయుధం నిజం చెప్పిన సమీక్షకుడి మీద పడింది. ఫిర్యాదు ఫారంలో ఈ రెంటికీ తేడా కనిపించదు. దూషణకు శిక్ష వేయడానికి యూట్యూబుకు వేరే నియమాలున్నాయి, సమాజానికి నోరుంది. కాపీరైట్‌ను ఆ పనికి వాడకూడదని నా అభిప్రాయం, మనకు నచ్చని మనిషి దెబ్బతిన్నప్పుడు కూడా.

లాయరు: హక్కు, హక్కు అంటున్నావు. ఫెయిర్ యూజ్ అనేది కోర్టులో చెప్పుకునే సమాధానం, ముందే జేబులో పెట్టుకు తిరిగే పాస్ కాదు. లెట్స్ ప్లే వీడియో ఫెయిర్ యూజ్ అని అమెరికా అప్పీళ్ల కోర్టు ఏదీ ఇంతవరకు తీర్పివ్వలేదు. అంత నమ్మకం ఉంటే మీవాళ్లు కోర్టుకు వెళ్లి తేల్చుకోవచ్చు కదా?

ఎడిటర్: వెళ్లేదాకా ఏం జరుగుతుందో ఒక్కసారి మెట్టు మెట్టూ చూడండి సార్. వీడియో ఎక్కించగానే కాంటెంట్ ఐడీ దాన్ని హక్కుదారులిచ్చిన నమూనాలతో పోలుస్తుంది. పోలిక దొరికితే క్లెయిమ్ పడుతుంది. వీడియోను ఆపాలా, దాని డబ్బు తీసుకోవాలా, ఊరికే గమనించాలా అన్నది హక్కుదారు ఇష్టం. ఆ యంత్రానికి బొమ్మ కలిసిందా, పాట కలిసిందా అన్నదే తెలుసు. మధ్యలో నేను చెప్పిన మాట విమర్శా, వట్టి కబురా అన్నది దానికి తెలియదు. గేమ్ కంపెనీ ఊరుకున్నా, గేమ్‌లోని కారు రేడియోలో మోగే పాట హక్కుదారు ఊరుకోకపోవచ్చు. గేమ్‌లో వాడుకోవడానికి కంపెనీ ఆ పాట కొనుక్కుంది, నా వీడియో కోసం కాదు. అందుకే ‘సైబర్‌పంక్ 2077’ లాంటి గేమ్‌లలో ఆ పాటలు ఆపేసే మీట ప్రత్యేకంగా పెట్టారు. సరే, క్లెయిమ్ పడింది. అయిదు రోజుల్లోపు అభ్యంతరం చెబితే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బు పక్కన పెడతారు. ఆలస్యమైతే ఆ మధ్య డబ్బు పోయినట్టే. నా అభ్యంతరానికి జవాబివ్వడానికి హక్కుదారుకు 30 రోజులు. ఆయన తిరస్కరిస్తే అప్పీలు, దానికి 7 రోజులు. అప్పుడూ ఒప్పుకోకపోతే ఆయన టేక్‌డౌన్ నోటీసు ఇస్తాడు, నాకు స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్ మొత్తం పోవచ్చు, ఏళ్ల తరబడి చేసిన వీడియోలన్నిటితో సహా. ఇంకా నిలబడతానంటే కౌంటర్ నోటిఫికేషన్ పంపాలి. అందులో నా అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాయాలి, అవి ఎదుటివాడికి వెళ్తాయి. అమెరికా బయట ఉండేవాళ్లు యూట్యూబ్ ఉన్న కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నామని సంతకం చేయాలి. కరీంనగర్లోనో కాకినాడలోనో గదిలో కూర్చుని తెలుగులో గేమ్ సమీక్ష చేసే కుర్రాడు ఆ వాక్యం కింద సంతకం పెడతాడా? వాదన వీగిపోయి కాదు, వాదించే స్తోమత లేక ఆగిపోతున్నారు. 2007లో ఒక తల్లి తన పసివాడు ప్రిన్స్ పాటకు గెంతుతున్న 29 సెకన్ల వీడియో పెడితే యూనివర్సల్ మ్యూజిక్ తీయించేసింది. నోటీసు పంపేముందు అది ఫెయిర్ యూజ్ అవునో కాదో హక్కుదారు ఆలోచించి తీరాలని కోర్టు చేత చెప్పించడానికి ఆమెకు 2015 దాకా పట్టింది. కేసు రాజీతో ముగిసింది 2018లో. ఆమెకు అండగా లాయర్లు ఉచితంగా నిలబడ్డారు. అందరికీ అలా దొరకరు.

లాయరు: ఆ బాధ నిజమే, కాదనను. యంత్రాన్ని బాగు చేయాలంటే నేనూ చేయి కలుపుతాను. కానీ నీ వాదనంతా అమెరికా చట్టం మీద నిలబడి ఉంది, అది నీ దేశపు చట్టం కాదు. జపాన్‌లో అలాంటి విస్తృతమైన ఫెయిర్ యూజ్ లేదు. 2023 సెప్టెంబర్‌లో సెండాయ్ జిల్లా కోర్టు ‘స్టైన్స్;గేట్’ గేమ్ వీడియోలు ముగింపుతో సహా పెట్టి ప్రకటనల డబ్బు తీసుకున్న ఒక వ్యక్తికి రెండేళ్ల జైలు, అయిదేళ్ల పాటు నిలుపుదల, పది లక్షల యెన్‌ల జరిమానా వేసింది. మన 1957 కాపీరైట్ చట్టంలోనూ ఉన్నది ఫెయిర్ యూజ్ కాదు, ఫెయిర్ డీలింగ్. 52వ సెక్షన్‌లో ఏ ఏ పనులకో జాబితా ఇచ్చారు. విమర్శ, సమీక్ష, సొంత వాడకం, వర్తమాన వార్తలు. ‘సరదా’ ఆ జాబితాలో లేదు. పైగా అక్కడే ‘కంప్యూటర్ ప్రోగ్రామ్ మినహా’ అని కూడా ఉంది. గేమ్ కంప్యూటర్ ప్రోగ్రామే కదా?

ఎడిటర్: స్టైన్స్;గేట్ విజువల్ నావెల్ సార్, చదువుకుంటూ పోయే కథ. ముగింపు దాకా చూపిస్తే కొనాల్సిన అవసరం తీరిపోతుంది. అది నేను గీసిన గీతకు అవతలే పడుతుంది, కాబట్టి ఆ తీర్పు నా వాదనకు అడ్డు కాదు. జైలు శిక్ష దాకా వెళ్లాలా అన్నది వేరే మాట. కంప్యూటర్ ప్రోగ్రామ్ సంగతికొస్తే, నా వీడియోలో గేమ్ కోడ్ ఒక్క వరుస కూడా లేదు. అది చూసి ఎవరూ ఆ గేమ్ నడిపించలేరు. వీడియోలో ఉన్నది బొమ్మ, శబ్దం. వాటి మీద సమీక్ష చేసే వీలు ఆ మినహాయింపుతో పోదు. ఇక మన కోర్టుల్లో నాకు నచ్చే తీర్పు 1996లో కేరళ హైకోర్టు ఇచ్చింది. తోప్పిల్ భాసి రాసిన ప్రసిద్ధ నాటకం ‘నింగళెన్నె కమ్యూనిస్టాక్కి’ని విమర్శిస్తూ, అందులోని పాత్రలను, సంభాషణలను చాలావరకు తీసుకుని సివిక్ చంద్రన్ ఎదురు నాటకం రాశాడు. కోర్టు మూడు ప్రశ్నలు వేసుకుంది. విమర్శకు కావలసినంతే తీసుకున్నాడా? ఏ ఉద్దేశంతో తీసుకున్నాడు? రెండు నాటకాలూ ఒకదానికొకటి పోటీ అవుతాయా? పోటీ లేదు, ఉద్దేశం విమర్శ అని తేల్చి ఎదురు నాటకం వైపు నిలిచింది. ఆ మూడో ప్రశ్నే సార్ నేను ఇందాకటి నుంచీ అడుగుతున్నది. సరదా జాబితాలో లేదన్నది నిజం. అందుకే వట్టి లెట్స్ ప్లేలకు మన దేశంలో చట్టం అండ సన్నగిల్లుతుంది, కంపెనీ దయ మీద ఆధారపడక తప్పదు. సమీక్షకు ఆ అవసరం లేదు.

ఇద్దరి మాటా విన్నాక నా తీర్పు ఇది. కథను మొదలు నుంచి చివరి దాకా చూపించి, మధ్యలో మాటే లేని వీడియోల విషయంలో లాయరు చెప్పింది న్యాయం. అలాంటి చిన్న కథా గేమ్‌ల వీడియోల్లో తెలుగు ఛానళ్లు కనీసం ముగింపును వదిలేయాలి, గేమ్ ఎక్కడ కొనుక్కోవచ్చో వీడియో కిందే చెప్పాలి. మిగిలిన చోట్ల, వీడియోకు డబ్బు వచ్చిందన్న కారణం చూపి నోరు మూయించడం అన్యాయం. స్టూడియోలు తమ నియమాల్లో ఒక వాక్యం చేర్చాలని కోరుతున్నాను: విమర్శకు, సమీక్షకు మా అనుమతి అవసరం లేదు, ప్రకటనలున్నా సరే అని. తగాదా ఎప్పుడు మొదలుపెట్టినా, తేలేదాకా మొదటి రోజు నుంచీ డబ్బు పక్కన పెట్టే ఏర్పాటు యూట్యూబు చేయాలి. సమీక్షలు చేసే మన పిల్లలకు చెప్పేది ఒకటే. క్లెయిమ్ పడగానే వీడియో తీసేయకండి, అయిదు రోజులు దాటకముందే అభ్యంతరం చెప్పండి, ఏ దృశ్యం ఏ మాట కోసం వాడారో నిమిషాలతో సహా రాసి పెట్టుకోండి. డబ్బు తీసుకున్నాం కదా అని తప్పు చేసినట్టు కుంగిపోకండి. మన 52వ సెక్షన్ రాసినవాళ్లకు డబ్బు సంగతి తెలియక కాదు. ఔత్సాహిక నాటక సమాజాల ప్రదర్శనకు మినహాయింపు ఇచ్చిన చోట, ప్రేక్షకులు డబ్బు చెల్లించకూడదన్న షరతు పెట్టారు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సొంతానికి కాపీ చేసుకోనిచ్చిన చోట, వ్యాపారానికి కాకూడదని రాశారు. విమర్శ, సమీక్ష అని రాసిన చోట అలాంటి షరతు ఏదీ పెట్టలేదు.